ఎంఏ హిస్టరీ చేస్తే ఏమొస్తది? మా నాయిన అడిగిన ప్రశ్నకి నా జవాబు

పోయిన వారం ఎపిసోడ్ అయిపోయాక నా ఫోన్‌కి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. సూర్యాపేట దగ్గర డిగ్రీ ఫైనల్ ఇయర్ చదువుతున్న అమ్మాయి. "అక్కా, నాకు హిస్టరీ అంటే ఇష్టం. ఎంఏ చేద్దామనుకుంటున్న. ఇంట్ల ఏమో గదేం సదువు, గ్రూప్స్ కోచింగ్‌కి పో అంటున్నరు. నువ్వు చేసినవ్ కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పు" అంది. మెసేజ్ మొత్తం నలభై సెకన్లు కూడా లేదు. కానీ జవాబు నలభై సెకన్లలో అయ్యేది కాదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట. ఇది "ఎంఏ హిస్టరీ చెయ్యండి, లైఫ్ సెట్" అనే వీడియో కాదు. "చెయ్యకండి, నాశనమైపోతారు" అనే వీడియో కూడా కాదు. నేను చేశాను. ఇప్పుడు పీహెచ్‌డీలో ఉన్నాను. నాకు ఏం జరిగిందో, అసలు ఆ క్లాస్‌రూమ్‌లో ఏం నేర్పిస్తారో చెప్తాను. మీ లెక్క మీరు వేసుకోండి.

మాది పాత నల్గొండ జిల్లాలో ఒక ఊరు. డిగ్రీ గవర్నమెంట్ కాలేజీలో, తెలుగు మీడియం, హెచ్‌ఈపీ. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ అనమాట. నేను సెంట్రల్ యూనివర్సిటీ ఎంట్రన్స్ రాస్తానని చెప్పిన రోజు మా నాయిన పెద్దగా కోప్పడలేదు. పశువులకి కుడితి కలుపుతూ అడిగాడు, "గీ రాజుల కథలు సదివితె ఏమొస్తది బిడ్డా?" అని. నాకు జవాబు రాలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ తెలియదు. డిగ్రీలో చదివింది ఇంకొంచెం లావు గైడ్‌లో చదవడమే ఎంఏ అనుకున్నాను. రాజులు, యుద్ధాలు, సంవత్సరాలు. నాకు సంవత్సరాలు బాగా గుర్తుండేవి, అందుకే హిస్టరీ నా సబ్జెక్ట్ అనుకున్నాను.

ఆ అపోహ మొదటి వారంలోనే పోయింది. ఎలా పోయిందో చెప్పడానికి మీ అందరికీ తెలిసిన మనిషినే తీసుకుంటాను. రుద్రమదేవి.

రుద్రమదేవి ఎప్పుడు చనిపోయింది? పాత పుస్తకాలు చూస్తే 1295 అనో 1296 అనో ఉంటుంది. కొత్త పుస్తకాల్లో 1289 అని ఉంటుంది. పోటీ పరీక్షకైతే ఒక నంబర్ బట్టీ పడితే చాలు. ఎంఏ క్లాసులో అడిగేది వేరే. ఈ నంబర్ ఎందుకు మారింది? ఎవరు మార్చారు? దేన్ని చూసి మార్చారు?

మార్చింది ఒక రాయి. నల్గొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊళ్ళో దొరికిన తెలుగు శాసనం. అందులో శక సంవత్సరం 1211 అని ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే మన క్యాలెండర్ సంవత్సరం వస్తుంది, కాబట్టి 1289. అక్కడి దేవుడికి కొంత భూమి దానం చేస్తున్నట్టు రాయించారు. ఎందుకు దానం? రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్ళారు, వాళ్ళకి పుణ్యం కలగాలని. అంటే ఆ తేదీ నాటికి ఇద్దరూ చనిపోయారు. అంతే. దాంతో 1295 కొట్టుకుపోయింది.

ఇప్పుడు ఇంకో మెట్టు ఎక్కుదాం. "రుద్రమదేవిని కాయస్థ అంబదేవుడు యుద్ధంలో చంపాడు" అని మీరు వినే ఉంటారు. మరి చందుపట్ల రాయి మీద ఆ మాట ఉందా? లేదు. ఎలా చనిపోయారో ఆ శాసనం చెప్పదు. అంబదేవుడు కాకతీయుల మీద తిరుగుబాటు చేశాడు, త్రిపురాంతకంలో వేయించిన శాసనంలో తన విజయాల గురించి గొప్పగా చెప్పుకున్నాడు. రాణి, సేనాని ఇద్దరూ ఒకేసారి పోయారు, అదే కాలంలో అంబదేవుడు విజయాలు చెప్పుకుంటున్నాడు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి, ఆయనతో జరిగిన యుద్ధంలోనే చనిపోయి ఉంటారని చరిత్రకారులు ఊహించారు. మంచి ఊహే. బలమైన ఊహే. కానీ ఊహ. "రాయి మీద ఉంది" అనేదానికీ, "రాయిని బట్టి అనుకుంటున్నాం" అనేదానికీ మధ్య ఉన్న ఆ సన్నని గీత కనిపించడమే ఎంఏ హిస్టరీలో మొదటి పాఠం. ఆ రోజు క్లాసులో ఈ సంగతి విన్నాక నేను హాస్టల్‌కి నడిచి వస్తుంటే తల తిరిగినట్టు అనిపించింది. ఇన్నాళ్ళూ గీతకి ఇటు ఉన్నవీ అటు ఉన్నవీ కలిపి బట్టీ పట్టాను కదా అని.

రుద్రమ గురించే ఇంకొకటి. ఆమె శాసనాల్లో చాలాచోట్ల రుద్రదేవ మహారాజు అని మగ పేరే ఉంటుంది. ఆడ రాజు అని ఆ రాళ్ళు చూసి వెంటనే తెలియదు. మరోవైపు మార్కో పోలో మోటుపల్లి రేవు గురించి రాస్తూ, ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలుతోంది, చాలా మంచిగా ఏలుతోంది అన్నాడు. బాగుంది. కానీ ఆమె చనిపోయిన రాజుగారి భార్య అని రాశాడు. ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. అంటే విదేశీయుడు రాశాడు కాబట్టి కరెక్ట్ అనడానికి లేదు, ఒకటి తప్పు రాశాడు కాబట్టి మొత్తం చెత్త అనడానికీ లేదు. అతను ఎవరి నోట విన్నాడు, ఏది సరిగా వినగలడు, ఏది వినలేడు అని ఆలోచించాలి. మీ వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డ్‌కి కూడా ఇదే పరీక్ష పెట్టొచ్చు. పెడితే సగం గ్రూపుల్లోంచి మిమ్మల్ని తీసేస్తారు, అది వేరే విషయం.

సరే, కోర్సు లోపల ఏముంటుంది? రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక భారతం ఎలాగూ ఉంటాయి. ప్రపంచ చరిత్ర కొంత, ప్రాంతీయ చరిత్ర కొంత. ఎలక్టివ్‌లు యూనివర్సిటీని బట్టి మారతాయి. చాలామందిని భయపెట్టే పేపర్ ఒకటుంది, హిస్టోరియోగ్రఫీ. అంటే చరిత్ర రాసిన వాళ్ళ చరిత్ర. ఒకే సంఘటన గురించి ఒక్కో కాలంలో ఒక్కోలా ఎందుకు రాశారు అనేది. ఈ.హెచ్. కార్ 1961లో వేసిన చిన్న పుస్తకం దగ్గర మొదలవుతుంది. కోశాంబి, రొమిలా థాపర్, ఇర్ఫాన్ హబీబ్, 1982లో మొదటి సంపుటం వచ్చిన సబాల్టర్న్ స్టడీస్, అలా సాగుతుంది. పేర్లు చూసి భయపడకండి. అందరూ అడిగేది ఒక్కటే ప్రశ్న, "ఈ కథలో ఎవరు లేరు?" అని.

ఆ ప్రశ్న మన తెలుగులో ఎప్పుడో అడిగినవాళ్ళు ఉన్నారు. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వచ్చింది. 1955లో సాహిత్య అకాడెమీ అవార్డులు మొదలైనప్పుడు తెలుగులో మొట్టమొదటి అవార్డు దానికే. ఆయన రాజుల్ని పక్కన పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండగలు చేసుకున్నారు అని పాత కావ్యాల్లోంచి ఏరి రాశారు. నేను డిగ్రీలో ఈ పుస్తకం పేరు ఒక బిట్ ప్రశ్నగా నేర్చుకున్నాను. చదివింది మాత్రం ఎంఏలో. అదీ ఢిల్లీ నుంచి వచ్చిన ఒక క్లాస్‌మేట్ "మీ భాషలో ఇలాంటి పుస్తకం ఉందట కదా, అందులో ఏముంది?" అని అడిగితే సిగ్గుపడి చదివాను.

ఇప్పుడు అసలు కష్టం గురించి. ఇంగ్లిష్.

వారానికి మూడు నాలుగు వ్యాసాలు చదవమని ఇచ్చేవాళ్ళు. ఒక్కోటి నలభై యాభై పేజీలు. మొదటి వ్యాసంలో మొదటి పేజీ చదవడానికి నాకు గంటన్నర పట్టింది. ప్రతి తెలియని మాటకీ ఫోన్‌లో అర్థం చూసేదాన్ని. పేజీ చివరికొచ్చేసరికి మొదట్లో ఏం చదివానో మర్చిపోయేదాన్ని. క్లాసులో ఇంగ్లిష్ మీడియం వాళ్ళు గడగడా మాట్లాడుతుంటే వెనక బెంచీలో కూర్చుని నోట్స్ రాస్తున్నట్టు నటించేదాన్ని. మొదటి సెమిస్టర్‌లో నా మొదటి టర్మ్ పేపర్ తిరిగొచ్చినప్పుడు, పైన ఎర్ర సిరాతో ఒకే వాక్యం ఉంది: సారాంశం రాశావు, నీ వాదన ఎక్కడ? ఆ రాత్రి బ్యాగ్ సర్దుకున్నాను. నిజంగానే. ఎంజీబీఎస్‌లో నల్గొండ బస్సు ఎన్నింటికో కూడా కనుక్కున్నాను.

ఆపింది ఒక సీనియర్ అన్న. ఆయన పెద్ద లెక్చరేమీ ఇవ్వలేదు. నా పేపర్ చదివి, "నువ్వు చదివిన ఇద్దరిలో నీకు ఎవరి మాట నమ్మబుద్ధి అయింది?" అన్నాడు. ఫలానా ఆయన అన్నాను. "ఎందుకు?" అన్నాడు. తెలుగులో పది నిమిషాలు చెప్పాను. "ఇదే వాదన. ఇది తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చు" అన్నాడు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది, తెలుగు మీడియం వాళ్ళకి పనికొస్తుందని చెప్తున్నాను. వ్యాసం మొదటి నుంచి చివరిదాకా లైన్‌గా చదవకండి. ముందు మొదటి మూడు పేజీలు, తర్వాత చివరి రెండు పేజీలు. ఈయన ఎవరితో గొడవ పడుతున్నాడు అని కనుక్కోండి. ప్రతి వ్యాసమూ ఎవరితోనో ఒకరితో గొడవే. ఆ గొడవ పట్టుకుంటే మధ్యలో ముప్ఫై పేజీలు సగం టైమ్‌లో అయిపోతాయి. తెలియని మాటల్లో మూడుసార్లు ఎదురైనవాటికే అర్థం చూడండి. చదివాక పుస్తకం మూసి, మీ అమ్మకి చెప్తున్నట్టు తెలుగులో ఐదు వాక్యాలు రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదని లెక్క. నాకు మూడో సెమిస్టర్‌కి గానీ క్లాసులో నోరు పెగల్లేదు. ఇప్పటికీ నా ఇంగ్లిష్ అంత గొప్పదేం కాదు. పని నడుస్తోంది.

ఇక నాకు బాగా నచ్చిన భాగం, ఆధారాలు వెతకడం. తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. ఉస్మానియా వైపు వెళ్ళేవాళ్ళు రోజూ దాటుకుని పోతుంటారు, లోపల ఏముందో తెలియదు. షాజహాన్, ఔరంగజేబు కాలపు మొఘల్ కాగితాలు అక్కడ పెద్ద ఎత్తున ఉన్నాయి. పర్షియన్‌లో. నిజాం కాలం ఫైళ్ళు ఉర్దూలో. అందుకే మధ్యయుగం మీద పని చేయాలనుకునేవాళ్ళు పర్షియన్ నేర్చుకుంటారు. అక్కడ మనం అడిగిన ఫైల్ వచ్చేదాకా కూర్చోవాలి, పెన్సిల్‌తోనే రాసుకోవాలి, ఓపిక కావాలి. కొన్ని రోజులు ఏమీ దొరకదు. ఏమీ దొరకని రోజు బస్ ఛార్జీలు కూడా గుర్తొచ్చి ఏడుపొస్తుంది.

ఫోన్‌లో దొరికేవి కూడా చాలా ఉన్నాయి. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ అనే పోర్టల్‌లో కోట్ల పేజీలేమో చదవలేం కానీ, మీ జిల్లా పేరు కొట్టి చూడండి, ఏదో ఒకటి తగులుతుంది. దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో పదో సంపుటం మొత్తం తెలుగు శాసనాలే. స్కాన్ కాపీలు నెట్‌లో తిరుగుతున్నాయి. ఇంకా కైఫియత్తులు ఉన్నాయి. కాలిన్ మెకంజీ అని, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినాయన. ఆయన కోసం కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు ఊరూరా తిరిగి ఊళ్ళ కథలు, శాసనాలు, కరణాల లెక్కలు సేకరించారు. పేరేమో మెకంజీ కలెక్షన్. ఎండలో నడిచింది మనవాళ్ళు. "ఈ కథలో ఎవరు లేరు" అన్నది ఇక్కడా వర్తిస్తుంది కదా.

ఇప్పుడు మా ఊరి రాయి సంగతి చెప్తాను. ఇది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మా ఊరి చెరువు కట్ట మీద ఒక శాసనం రాయి ఉంది. చిన్నప్పుడు దాని మీద ఎక్కి దూకేవాళ్ళం. ఊళ్ళో అందరి మాటా ఒక్కటే, ఈ చెరువు రుద్రమదేవి తవ్వించింది, ఆ రాయి ఆమె వేయించింది. మా నాయనమ్మ కూడా అదే చెప్పేది. ఎంఏ చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ రాయాలి. నేను మా ఊరి చెరువునే తీసుకున్నాను. మా గైడ్ ఒప్పుకుని, "ముందు రాయి చదువు" అన్నారు.

రాయి చదవడం ఎలా ఉంటుందో తెలుసా? పగలు ఎండలో చూస్తే అక్షరాలు కనపడవు, అన్నీ గీతల్లా ఉంటాయి. సాయంత్రం చీకటి పడ్డాక ఫోన్ టార్చ్ రాయికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, వాలుగా వెయ్యాలి. అప్పుడు ప్రతి గీతకీ నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. మొదటిసారి అలా చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సున్నం, సుద్ద పూయకండి, రాయి పాడవుతుంది. శాస్త్రీయంగా అయితే రాయిని నీళ్ళతో శుభ్రం చేసి, తడిపిన కాగితం అంటించి, బ్రష్‌తో కొట్టి, అది కాస్త ఆరాక పైన సిరా అద్దుతారు. చెక్కిన చోట తెల్లగా, మిగతా అంతా నల్లగా వస్తుంది. ఎస్టాంపేజ్ అంటారు. శాసనాలు చదవడం తెలిసిన ఒక పెద్దాయన మాతో వచ్చి అది తీశారు. రెండు వారాలు కూర్చుని చదివారు.

అది రుద్రమదేవిది కాదు.

శక సంవత్సరం 143 దాకా కనిపిస్తోంది, చివరి అంకె పగిలిపోయింది. అంటే 1508కీ 1518కీ మధ్య. రుద్రమ పోయిన రెండు వందల ఏళ్ళ తర్వాత. పైగా చెరువు తవ్వించడం గురించి కాదు, తెగిన కట్టని బాగు చేయించినందుకు దశబంధం ఇచ్చిన సంగతి. దశబంధం అంటే చెరువు కట్టించిన వాళ్ళకో బాగు చేయించిన వాళ్ళకో ఇచ్చే మాన్యం, ఆ మాటలోనే పదో వంతు అనే అర్థం ఉంది. చేయించిన మనిషి పేరు కూడా సగం పగిలింది. చివర 'సాని' అని మాత్రం ఉంది. ఆడవాళ్ళ పేర్లకి గౌరవంగా చేర్చే మాట అది.

నేను ఎగిరి గంతేశాను. ఊళ్ళో మాత్రం ఎవరూ గంతెయ్యలేదు. ఎందుకంటే సరిగ్గా ఆ సంవత్సరమే చెరువు కట్ట మీద రుద్రమదేవి విగ్రహం పెట్టడానికి చందాలు పోగు చేస్తున్నారు. మా నాయిన కూడా రెండు వేలు ఇచ్చాడు. నేను చెప్పిన మాట ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఒక పెద్దమనిషి మా ఇంటికొచ్చి, నన్ను కాదు, మా నాయినని అడిగాడు, "నీ బిడ్డ పట్నంల సదివి మన ఊరి పేరు తీసుడా?" అని. నాయిన తల వంచుకుని కూర్చున్నాడు. నాకు ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఆ రాత్రి నాయిన అన్నాడు, "రాసుడైతె రాయి. ఊళ్ళె చెప్పకు."

నేను ఏం చేయాలి? డిసర్టేషన్‌లో మార్చి రాయడం కుదరదు. రాయి ఏం చెప్తోందో అదే రాయాలి. ఊళ్ళో నోరు మూసుకోవడం కూడా నచ్చలేదు. పోయి మా నాయనమ్మ పక్కన కూర్చున్నాను. మొత్తం చెప్పాను. ఆమె పాక్కు నమలుతూ విని, "రాణి గాకపోతె ఏమాయె, ఆడమనిషే గద కట్టించింది. మా అత్త గూడ గదే చెప్పింది, ఎవలో ఆడామె కట్టించిందని. పేరు మేమే మర్సినం" అంది.

ఆ మాట పట్టుకుని నేను పెద్ద సిద్ధాంతం రాసేశాను. ఊరి జ్ఞాపకంలో ఒక స్త్రీ ఉంది, పేరు మరుగున పడి, ఆ చోట రుద్రమ పేరు వచ్చి చేరింది అని. గైడ్ అది చదివి, "చాలా అందంగా ఉంది. రుజువేది?" అన్నారు. నాయనమ్మ ఒక్కరే చెప్పారు. ఆమె నా మాట విన్న తర్వాత చెప్పారు. అంటే నేనే ఆమె నోట్లో ఆ మాట పెట్టి ఉండొచ్చు! నాకు కోపం వచ్చింది, కానీ ఆమె చెప్పింది సబబు. ఆ సిద్ధాంతం ఒక పేరాకి కుదించి, "ఇలా అయ్యుండే అవకాశం ఉంది" అని రాశాను. మొదటి వారం నేర్చుకున్న ఆ గీత నా సొంత నాయనమ్మ దగ్గరే నాకు అడ్డం వచ్చింది.

విగ్రహం పెట్టారు. బాగుంది కూడా. నేను పండక్కి వెళ్ళినప్పుడు చూస్తాను. రాయి మీద మాత్రం ఇప్పుడు పిల్లల్ని ఎక్కనివ్వట్లేదు. ఆ పెద్దమనిషి నాతో మాట్లాడడు.

సరే, ఇక లెక్కల్లోకి వద్దాం. చాలామంది దీనికోసమే వచ్చుంటారు.

అడ్మిషన్. సెంట్రల్ యూనివర్సిటీలకి సీయూఈటీ పీజీ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, ఢిల్లీ యూనివర్సిటీ అన్నీ దీని మీదే. 75 ప్రశ్నలు, సరైన జవాబుకి 4 మార్కులు, తప్పుకి 1 మార్కు కోత. ఉస్మానియా, కాకతీయ లాంటి తెలంగాణ యూనివర్సిటీలకి సీపీగెట్, ఆంధ్రాలో ఏపీ పీజీసెట్. వీటిలో మైనస్ మార్కులు లేవు. డిగ్రీలో హిస్టరీ లేకపోయినా చాలాచోట్ల తీసుకుంటారు. నా క్లాసులో బీకామ్ వాళ్ళు, బీటెక్ అయిన ఒకబ్బాయి కూడా ఉన్నారు. రూల్స్ ఏటా కాస్త మారతాయి కాబట్టి నోటిఫికేషన్ మీరే పూర్తిగా చదవండి. ఎవరో వీడియోలో చెప్పారని, నేను చెప్పానని కూడా, ఆగిపోకండి.

తర్వాత నెట్. సంవత్సరానికి రెండుసార్లు. పేపర్ వన్‌లో 50 ప్రశ్నలు, పేపర్ టూలో 100, మొత్తం 300 మార్కులు, మూడు గంటలు. మైనస్ లేదు. హిస్టరీ పేపర్ ఇంగ్లిష్, హిందీలోనే ఉంటుంది, తెలుగు లేదు. ఇది మనవాళ్ళకి నిజమైన దెబ్బ. పైన ఉన్న ర్యాంకుల వాళ్ళకి జేఆర్ఎఫ్ వస్తుంది. 2023 నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000. జేఆర్ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తే నెలకి 8,000. ఈ రెండు అంకెల మధ్య తేడానే చాలామంది రీసెర్చ్ జీవితం.

నాకు జేఆర్ఎఫ్ మూడోసారి వచ్చింది. ఎంఏ అయ్యాక ఏడాదిన్నర ఏమీ లేదు. ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో చెప్పాను, సివిక్స్ కూడా నాతోనే చెప్పించారు. ఆ ఏడాదిన్నర ఇల్లు నడిపింది మా తమ్ముడు. వాడు పాలిటెక్నిక్ అవ్వగానే బీటెక్‌కి పోకుండా పటాన్‌చెరు వైపు కంపెనీలో చేరాడు. వాడు ఎప్పుడూ నన్ను ఏమీ అనలేదు. కానీ నా చదువు ఖర్చు ఫీజు రసీదులో కనిపించేది మాత్రమే కాదు. ఇది మోటివేషన్ వీడియోల్లో చెప్పరు, అందుకే చెప్తున్నాను.

ఉద్యోగాలు? అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు ప్రతి ఏడూ పడవు. ఏళ్ళ తరబడి పడని రోజులున్నాయి. గెస్ట్ ఫ్యాకల్టీగా పని చేస్తున్న పీహెచ్‌డీలు నాకు చాలామంది తెలుసు. జూనియర్ లెక్చరర్‌కి పీజీ సరిపోతుంది. స్కూల్ టీచర్ అంటే బీఈడీ తప్పదు. గ్రూప్స్‌లో హిస్టరీ సిలబస్ ఉంటుంది కాబట్టి ఎంఏ చదువు పనికొస్తుంది, కానీ ఎంఏ చదివితే గ్రూప్స్ వచ్చేస్తుంది అనుకోకండి, ప్రిపరేషన్ పద్ధతే వేరు. అక్కడ ఒక నంబర్ కావాలి, ఇక్కడ నంబర్‌ని అనుమానించమంటారు. ఆర్కియాలజీ సర్వే వాళ్ళకి గ్రేటర్ నోయిడాలో పీజీ డిప్లొమా ఉంది, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్కైవ్స్ డిప్లొమా ఉంది. మ్యూజియాలు, శాసనాల పని ఇష్టమైనవాళ్ళు అటు చూడొచ్చు. సీట్లు తక్కువ.

ఇక ఆ సూర్యాపేట అమ్మాయి. నిన్న రాత్రి ఫోన్ చేసి మాట్లాడాను. "హిస్టరీ అంటే ఇష్టం అన్నావు కదా, ఏం ఇష్టం?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మా పుస్తకంల ఒక చోట ఒక తీరు, ఇంకో చోట ఇంకో తీరు ఉంటే నాకు నిద్ర పట్టదక్కా" అంది. నేను నవ్వాను. తర్వాత ఇంట్లో సంపాదించేవాళ్ళు ఎంతమంది, అప్పులున్నాయా, పెళ్ళి ఒత్తిడి ఉందా, రెండేళ్ళ తర్వాత ఇంకో రెండేళ్ళు జీతం లేకుండా ఇల్లు ఆగుతుందా, అన్నీ అడిగాను. అప్పు ఉందంది. చెల్లె ఇంటర్ చదువుతోందంది. అయితే సీపీగెట్, సీయూఈటీ రెండూ రాయి, హాస్టల్, స్కాలర్‌షిప్ ఎక్కడ దొరుకుతుందో చూసి అప్పుడు నిర్ణయం తీసుకో, ఈలోగా గ్రూప్స్ పుస్తకాలు పారెయ్యకు అన్నాను. ఇంకా ఏమీ తేల్చుకోలేదు ఆమె. కానీ ఫోన్ పెట్టేముందు, వాళ్ళ ఊరి శివాలయం వెనక కూడా ఒక రాయి ఉందని, దాని మీద బట్టలు ఆరేస్తారని చెప్పింది. చీకటి పడ్డాక టార్చ్ పక్క నుంచి వేసి ఫోటో తీసి పంపమన్నాను.

ఇవాళ పొద్దున వచ్చింది ఫోటో. మొదటి లైన్‌లో 'స్వస్తి' అని స్పష్టంగా ఉంది. మిగతాది చదవాలి. ఉంటాను మరి, నమస్తే.